కేబీఆర్ పార్కు కాపలా, అమ్రాబాద్ అడవి కాపలా

రెండూ అటవీశాఖ కొలువులే, పోలిక అంతవరకే. జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కు జాతీయ ఉద్యానవనమే, కానీ చుట్టూ నగరమే. అక్కడి వాచర్‌కు పనంతా మనుషులతోనే. తెల్లారేసరికి గేటు దగ్గర వాకర్లు సిద్ధం. నెమలికి బిస్కెట్లు వేసేవాళ్లనీ, బాట వదిలి పొదల్లోకి పోయేవాళ్లనీ "సార్, అటు వద్దండీ" అంటూ ఆపాలి. ఆ సారు ఎవరి తాలూకో తెలీదు, కాబట్టి గొంతు పెంచడానికి లేదు.

అమ్రాబాద్ టైగర్ రిజర్వులో సంగతి వేరు. బేస్‌క్యాంపు వాచర్లలో చెంచులున్నారు. రోజూ నడకే. పులి అడుగు కనబడితే ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలి. దుమ్ములో ఆ అడుగు అంచు పదునుగా ఉందా, గాలికి విరిగిందా చూసి, పొద్దుటిదో నిన్నటిదో చెప్పేస్తారు. ఇది ఏ శిక్షణలోనూ రాదు. ఎండాకాలానికి ముందే ఫైర్‌లైన్లు, అంటే మంట పాకకుండా అడవిలో వదిలిన ఖాళీ పట్టీలు, శుభ్రం చేయాలి. అయినా నిప్పంటుకుంటే పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పాల్సిందే. మన్ననూరు చెక్‌పోస్టులో మాత్రం మళ్లీ మనుషుల గొడవే: రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసేస్తారు, శ్రీశైలం వెళ్లే బండ్లవాళ్లు బతిమాలుతూనే ఉంటారు.

ఒళ్లు హూనమయ్యేది అడవిలోనే. అయినా నన్నడిగితే ఆ డ్యూటీకే మొగ్గుతాను, ఏప్రిల్, మే నెలలు తప్ప.