నాన్నతో బెజవాడలో రెండు రోజులు

మా నాన్న డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యారు. ఆయనకి బెజవాడ అంటే అమ్మవారి దర్శనం, స్టేషన్లో రైలు మారడం, అంతే, ఊళ్ళోకి దిగి చూసింది ఎప్పుడూ లేదు. ఈసారి దర్శనం అయ్యాక రెండు రోజులు ఉండిపోదాం నాన్నా, శిల్పాలు, బొమ్మలు చూద్దాం అన్నాను.

రూమ్ సంగతి ముందు చెప్పేస్తా. గాంధీనగర్ వైపు స్టేషన్‌కి దగ్గరని ఒక లాడ్జి ఆన్‌లైన్‌లో బుక్ చేశాను, ఫోటోలో పెద్ద కిటికీ ఉంది, ఇచ్చిన రూమ్‌కి కిటికీయే లేదు, వేడినీళ్ళు ఏడు దాటితే గానీ రాలేదు. పెద్దవాళ్ళతో వెళ్తే డబ్బు కట్టకముందే రూమ్ చూపించమనండి. ఏరియా మాత్రం మంచిదే, పొద్దున్నే బాబాయ్ హోటల్‌కి నడిచివెళ్ళి వెన్నపూస వేసిన ఇడ్లీ తిన్నాం, నాన్న ఇంకో ప్లేట్ చెప్పించుకున్నారు.

మొదట బందరు రోడ్డులో బాపు మ్యూజియం. విక్టోరియా రాణి జూబ్లీకని 1887లో మొదలైన పాత బిల్డింగ్, చాలామంది ఇప్పటికీ విక్టోరియా మ్యూజియం అనే అంటారు, ఆటో అతనికి కూడా ఆ పేరు చెప్తేనే అర్థమైంది. 1921లో గాంధీగారు బెజవాడ కాంగ్రెస్ సమావేశాలకి వచ్చినప్పుడు మన పింగళి వెంకయ్యగారు జెండా నమూనా ఇచ్చారు కదా, ఆ రోజుల్ని గుర్తుచేసే చోటు ఇది. మేం గంటలో అయిపోతుందనుకున్నాం, మూడు గంటలు పట్టింది. అల్లూరులో దొరికిన సున్నపురాయి బుద్ధుడి దగ్గరే నాన్న చాలాసేపు నిలబడిపోయారు. "చూడమ్మా, రాయిని గుడ్డలా మడత పెట్టాడు" అని గాల్లో వేలితో గీసి చూపించారు. అమరావతి స్తూపం ఇంత దగ్గర్లో ఉంటే దాని మంచి మంచి పలకలు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయని చెప్తే ఆయన ముఖం చిన్నబోయింది, నాకూ మనసు చివుక్కుమంది, మన ఏటి ఒడ్డున చెక్కిన రాళ్ళు చూడ్డానికి మనకి పాస్‌పోర్ట్ కావాలా అనిపించింది.

సాయంత్రం ఉండవల్లి గుహలు. కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ దాటాక దగ్గరే, రానూపోనూ వెయిటింగ్‌తో కలిపి ముందే ఆటో మాట్లాడుకోండి, తిరుగు ఆటో వెంటనే దొరక్కపోవచ్చు. ఇటుక లేదు, సున్నం లేదు, నాలుగు అంతస్తులూ కొండనే తొలిచి చేశారు, పైది సగంలో ఆగిపోయింది. లోపల చీకట్లో అనంతపద్మనాభస్వామి పడుకుని ఉంటాడు, కళ్ళు అలవాటు పడేదాకా కాసేపు ఆగాలి, అప్పుడు నెమ్మదిగా పాదాలు, తర్వాత పడగలు కనిపిస్తాయి, అందుకని ఫోన్ లైట్ వెయ్యకండి, దయచేసి. మెట్లు ఎత్తుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులుంటే ఇబ్బందే, నాన్న మధ్యలో రెండుసార్లు కూర్చున్నారు, అయినా దిగనన్నారు. బయట అంచున కూర్చున్న రుషుల బొమ్మల పక్కనుంచి చూస్తే పొలాలు పచ్చగా పరుచుకుని ఉంటాయి. రెండు రోజుల్లో ఒక్కటే చూడగలిగితే ఇదే చూడండి అంటాను.

మొగల్రాజపురం గుహలు మర్నాడు పొద్దున చూశాం, బొమ్మలు చాలా అరిగిపోయాయి, టైముంటేనే వెళ్ళండి.

తర్వాత బస్సులో కొండపల్లి. కోట ఎక్కే ఓపిక నాన్నకి లేదు, నేరుగా బొమ్మలు చేసే ఇళ్ళకే వెళ్ళాం. తెల్లపొణికి కర్ర చేతిలో పెడితే బరువే తెలీదు. తల, చేతులు వేరేవేరేగా చెక్కి, చింతగింజల పొడీ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూత ఆరాక రంగులు వేస్తారు. షాపులో కొనకుండా పని చేసేవాళ్ళ దగ్గరే కొనండి, ఆ కష్టం చూశాక బేరమాడటానికి నాకు నోరు రాలేదు. మేకవెంట్రుకల కుంచెతో కల్లుగీత బొమ్మకి కనుబొమ్మలు దిద్దుతున్న పెద్దాయన్ని నాన్న అలా చూస్తూ ఉండిపోతే, ఆయనే "మీరు వేస్తారా మాస్టారూ" అని కుంచె అందించారు. నాన్న చెయ్యి ఈ మధ్య వణుకుతోంది. ఊపిరి బిగబట్టి ఒక్క కనుబొమ్మ దిద్దారు. ఆ బొమ్మనే కొనుక్కొచ్చాం.