బుడమేరు చూసొచ్చాం

రాజమండ్రి నుంచి నలుగురం, అందరం టౌన్ ప్లానింగ్ ఉద్యోగులమే, రెండు రోజులు విజయవాడ వెళ్లొచ్చాం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు తెచ్చిన వరద గురించి అక్కడి తోటి ఉద్యోగుల నోటే వినాలని మా కోరిక.

గాంధీనగర్‌లో లాడ్జి. స్టేషన్‌కి దగ్గర, దుప్పట్లు శుభ్రం. గీజర్ మాత్రం రెండు రోజులూ పనిచేయలేదు, చెప్పినా పట్టించుకోలేదు. పొద్దున వీధి చివర పెసరట్టు, అల్లం పచ్చడి చాలా బాగున్నాయి.

మొదటిపూట హాల్లో మ్యాపులు చూపించారు. పరిస్థితి అర్థమైంది. వెలగలేరు దగ్గర నుంచి బుడమేరు నీటిని మళ్లింపు కాలువ కృష్ణలోకి తీసుకెళ్తుంది. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. నది అంత నిండుగా ఉంటే కాలువ నీళ్లు ఎక్కడికి పోతాయి? గట్టుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం మునిగాయి.

మధ్యాహ్నం సింగ్‌నగర్ వెళ్లాం. మీరూ వెళ్తే అక్కడే ఎక్కువసేపు ఉండండి. ఆటో అతను పాయకాపురం మనిషే, అడగకుండానే సందులన్నీ తిప్పాడు. ఒక ఇంట్లో గోడంతా కొత్త సున్నం, కిటికీ పైన జానెడు మేర మాత్రం పాత రంగు, దాని మధ్యలో సన్నటి బురద గీత. "ఆ ముక్క వదిలేయమని నేనే చెప్పాను బాబూ, నీళ్లు అక్కడిదాకా వచ్చాయి" అన్నారు మామ్మగారు. కరెంటు మీటరు ఆ గీతకు రెండడుగుల పైకి మార్పించుకున్నారు.

మాతో వచ్చిన విజయవాడ సీనియర్ గారు టేపు తీసి రోడ్డు నుంచి గీత ఎత్తు కొలిచి, డోర్ నంబరుతో సహా రాసుకున్నారు. "అడుగు తేడాతో ఇల్లు మునుగుతుందండీ, మ్యాపులో అంత తేడా కనపడదు. సున్నాలు వేసేలోపే కొలవాలి. కొత్త ఇంటికి అరుగు ఎంత ఎత్తు ఉండాలో ఈ గీతలే చెప్తాయి" అన్నారు. ఇరవై ఏళ్ల సర్వీసులో నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం కృష్ణలంక రిటైనింగ్ వాల్ మీదకెళ్లాం. అంత ప్రవాహంలోనూ ఆ పేటను కాపాడిన గోడ అది. గాలి హాయిగా ఉంది కానీ నా మనసంతా మా ఊళ్లో ఆవ అనే పల్లపు ప్రాంతం మీదే ఉంది. మేమూ గోదావరి గట్టునే చూస్తాం, ఆవను పట్టించుకోం.

వచ్చేముందు ఆ సీనియర్ గారి రిజిస్టరు పేజీ స్టేషన్ దగ్గర జిరాక్స్ తీయించాను. నాలుగే గడులు: డోర్ నంబరు, నీటి ఎత్తు, ఎన్ని రోజులు నిలిచింది, ఎటునుంచి వచ్చింది.