ఒకే వార్త, నాలుగు పత్రికలు: కొన్నేళ్ల అలవాటుపై నా సమీక్ష

ఒకే వార్తను నాలుగు పత్రికల్లో పక్కపక్కన పెట్టుకుని చదవడం కొన్నేళ్లుగా నాకు అలవాటు. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి, ప్రజాశక్తి రోజూ చూస్తాను. తెలంగాణ వ్యవహారమైతే నమస్తే తెలంగాణ, వెలుగు కూడా తెరుస్తాను. ఇంగ్లిష్‌లో ది హిందూ ఉండనే ఉంది. రోజూ ఇంత టైమ్ పెట్టాలా, ఒరిగేదేమిటి అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఎవరు అబద్ధం రాశారో పట్టుకోవచ్చనే ఆశతోనే చాలామంది ఈ పని మొదలుపెడతారు. పచ్చి అబద్ధాలు పెద్ద పత్రికల్లో దొరికేది తక్కువ. ఎక్కువగా దొరికేది సగం వార్త. ఆ మిగతా సగం ఏమిటో రెండో పత్రిక చదివితే గానీ తెలియదు.

యువతకు నైపుణ్య శిక్షణ ఇచ్చే పథకం నిధుల్లో అక్రమాలు జరిగాయన్న స్కిల్ డెవలప్‌మెంట్ కేసునే తీసుకోండి. చంద్రబాబును 2023 సెప్టెంబర్ 9న నంద్యాలలో అరెస్టు చేశారు. అవినీతి నిరోధక చట్టంలోని 17ఏ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా తనపై విచారణ చెల్లదని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2024 జనవరి 16న ఇద్దరు న్యాయమూర్తులు రెండు వేర్వేరు తీర్పులు ఇచ్చారు. అనుమతి తప్పనిసరి అన్నారు జస్టిస్ అనిరుద్ధ బోస్. ఆ సెక్షన్ 2018 జులైలో అమల్లోకి వచ్చింది కాబట్టి అంతకు ముందు జరిగినవాటికి వర్తించదన్నారు జస్టిస్ బేలా త్రివేది. విషయం ప్రధాన న్యాయమూర్తి ముందుకు వెళ్లింది. జరిగింది ఇంతే. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు.

మర్నాడు పత్రికలు తెరిస్తే రెండు తీర్పులూ అన్నిట్లోనూ ఉన్నాయి. కానీ ఒక పత్రికలో జస్టిస్ బోస్ మాటలు పైన, బాక్సు కట్టి ఉంటే, ఇంకోదాంట్లో జస్టిస్ త్రివేది మాటలు అదే చోట ఉన్నాయి. రెండో న్యాయమూర్తి ఏమన్నారో తెలియాలంటే 'తరువాయి' చూసి లోపలి పేజీకి వెళ్లాలి. నాకు బాగా గుర్తున్న విషయం మరొకటుంది. అనుమతి తప్పనిసరి అన్న జస్టిస్ బోస్ కూడా రిమాండ్ ఉత్తర్వును కొట్టేయడానికి ఒప్పుకోలేదు. తీర్పులో ఇది చాలా ముఖ్యమైన ముక్క. ఒక పక్షానికి ఇబ్బంది కలిగించేది కావడంతో ఒకచోట చివరి పేరాలో ఒక్క వాక్యానికి కుదించారు. ఇంకోచోట అదే పెద్ద సబ్‌హెడ్డింగ్. రెండూ నిజాలే. ఏదో ఒక్కటే చదివిన మనిషి టీ కొట్టు దగ్గర వాదనకు దిగితే మాత్రం సగం తీర్పుతోనే దిగుతాడు.

అప్పటి నుంచి కోర్టు వార్త దేన్నైనా రెండు వైపులా చదివి, ఆ తర్వాత తీర్పు కాపీ తెరుస్తున్నాను. సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి, కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. మొత్తం చదవక్కర్లేదు. చివర ఆదేశాలున్న పేజీ చాలు.

బడ్జెట్ వార్తల దగ్గర ఈ అలవాటు ఇంకా బాగా పనికొస్తుంది. 2025 ఫిబ్రవరి 28న పయ్యావుల కేశవ్ 3,22,359 కోట్ల రూపాయల ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ పెట్టారు. ఇలాంటి రోజున ఒకే శాఖకు నిధులు 'పెరిగాయి' అని ఒకరు, 'కోత పడింది' అని ఇంకొకరు రాస్తే జనం తల పట్టుకుంటారు. బడ్జెట్ పుస్తకం తెరిస్తే చిక్కుముడి వీడిపోతుంది. అందులో ప్రతి పద్దుకీ నాలుగు అంకెలుంటాయి. రెండేళ్ల కిందటి అసలు ఖర్చు, నిరుడు వేసిన అంచనా, దాన్నే తర్వాత సవరించిన అంచనా, ఈ ఏటి కొత్త అంచనా. నిరుడు వెయ్యి కోట్లు ప్రకటించి, తర్వాత దాన్ని ఏడు వందలకు సవరించి, ఈ ఏడు తొమ్మిది వందలు పెట్టారనుకోండి. సవరించిన అంకెతో పోలిస్తే పెరిగినట్టు, మొదట ప్రకటించిన అంకెతో పోలిస్తే తగ్గినట్టు. ఎవరికి కావలసిన అంకెను వాళ్లు తీసుకుంటారు. దేనితో పోల్చారో రాయని వార్తను నేను అసలు లెక్కలోకి తీసుకోను, అది ఏ పత్రికైనా సరే.

ఎవరి పత్రిక ఏదో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. సాక్షి 2008లో జగన్ మొదలుపెట్టినది. నమస్తే తెలంగాణ 2011లో, ఉద్యమం ఊపుమీదున్నప్పుడు వచ్చి బీఆర్‌ఎస్ గొంతుగా నిలిచింది. ప్రజాశక్తి సీపీఎంది, విశాలాంధ్ర సీపీఐది. 1980ల మొదట్లో ఎన్టీఆర్‌కు ఈనాడు ఎంత అండగా నిలిచిందో పాతవాళ్లందరికీ తెలుసు. వెలుగు యజమాని వివేక్ 2019లో బీజేపీలో, 2023లో కాంగ్రెస్‌లో చేరారు. ఇవన్నీ తెలిసి చదవాలి. కానీ 'అది వాళ్ల పేపర్‌లే' అని పక్కన పడేస్తే నష్టం మనకే. ప్రభుత్వం దాచాలనుకున్న జీవోను, ఆగిపోయిన బిల్లులను, కుంగిన పిల్లర్‌ను ఎక్కువ ఓపికగా వెంటాడేది ఆ ప్రభుత్వానికి పడని పత్రికే. 2024 జూన్‌లో ఏపీలో ప్రభుత్వం మారాక ప్రశ్నించే పని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది. అందుకే అధికారంలో ఎవరున్నా సరే, పొద్దున్నే ముందు తెరిచేది వాళ్లను వ్యతిరేకించే పత్రికనే. తర్వాత ప్రభుత్వం వైపు పత్రికలో దానికి జవాబు ఉందా అని వెతుకుతాను. జవాబు ఉంటే మంచిదే. అసలు ఆ ఊసే లేకపోతే ఆ వార్తలో ఏదో ఉందని నాకు అనుమానం బలపడుతుంది.

వ్యవసాయ కూలీల కూలి రేట్లు, అంగన్‌వాడీ సమ్మె, కౌలు రైతుల గోడు లాంటివి పెద్ద పత్రికల్లో సింగిల్ కాలమ్‌గా మిగిలినప్పుడు ప్రజాశక్తిలోనో నవతెలంగాణలోనో పూర్తిగా దొరుకుతాయి. వాటిని పార్టీ పత్రికలని తీసిపారేసేవాళ్లు చాలా పోగొట్టుకుంటున్నారు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది జిల్లా పేజీలు. మెయిన్ పేజీల్లో ఉప్పూనిప్పూలా కనిపించే పత్రికలు జిల్లా పేజీకి వచ్చేసరికి దాదాపు ఒకే మాట చెబుతాయి. కాల్వ గట్టు తెగిందంటే ఎక్కడ తెగిందో, ఎన్ని ఎకరాలు మునిగాయో మండల విలేకరి స్వయంగా వెళ్లి చూసి రాస్తాడు. చదివేవాళ్లు ఆ ఊరివాళ్లే, తప్పు రాస్తే సాయంత్రానికల్లా నిలదీస్తారు. వరదల సమయంలో మృతుల సంఖ్య పత్రికకొక రకంగా కనిపిస్తే కంగారు పడకుండా జిల్లా పేజీ చూడండి. ఒకరు జిల్లా లెక్క, ఇంకొకరు రాష్ట్రం లెక్క ఇచ్చి ఉంటారు, లేదా ఒకరిది మధ్యాహ్నం చెప్పిన అంకె, ఇంకొకరిది రాత్రి చెప్పినది అయి ఉంటుంది.

వార్తలన్నీ ఒకేచోట చూపించే యాప్‌లు కూడా వాడాను. తెలుగుకు అవి నాకు అంతగా పనికిరాలేదు. పది లింకులు కనిపిస్తాయి, తెరిస్తే ఏడింట్లో వార్తా సంస్థ పంపిన అదే కాపీ. పైగా ఏ వార్త బ్యానర్‌గా వచ్చింది, ఏది మూలన పడింది అన్నది అందులో తెలియదు. అది తెలియాలంటే పేజీ మొత్తం కనిపించాలి, అంటే అచ్చు పత్రికో ఈ-పేపరో ఉండాల్సిందే. ఫోన్‌లో కళ్లు లాగుతాయి, ట్యాబ్ నయం.

అన్ని పత్రికలూ కొనడం అందరికీ కుదరదు. దానికీ దారి ఉంది. మీ ఊళ్లోని శాఖా గ్రంథాలయంలో చాలా పత్రికలు ఉచితంగా దొరుకుతాయి. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. పొద్దున ఎనిమిది దాటాక వెళ్తే బల్ల మీద అన్నీ పరిచి ఉంటాయి, పక్కపక్కన పెట్టుకుని చూడటానికి ఇంతకంటే మంచి చోటు లేదు. రోజూ కుదరకపోతే తీర్పు వచ్చిన మర్నాడో, బడ్జెట్ మర్నాడో, ఎన్నికల ముందో వెళ్లండి.

ఈ పద్ధతితోనూ తీరని లోటు ఒకటుంది. ఒక పత్రిక రాసింది తప్పని వారం తర్వాత తేలితే, ఆ సంగతి అదే పత్రికలో చదవడం నాకు చాలా అరుదు. వేసినా ఎక్కడో మూలన వేస్తారు. ది హిందూ 2006లోనే రీడర్స్ ఎడిటర్‌ను పెట్టి, పాఠకులు చూపిన తప్పులను సవరిస్తూ వచ్చింది. తెలుగులో లక్షల కాపీలు అమ్ముకునే పత్రికలకు ఈ పని బరువేమీ కాదు. ఇప్పటికైతే పాత సంచిక పీడీఎఫ్‌లను నేనే దాచుకుంటున్నాను, నెల తర్వాత మళ్లీ తెరిచి చూసుకోవడానికి.