“ఈ ఫైలు ఎవరిది?” అని అడిగాకే చెరిపే చిన్న స్క్రిప్టు

సోర్సు కోడు నుంచి సొంతంగా కంపైల్ చేసి (యంత్రం నడపగల ప్రోగ్రాముగా మార్చి) ఎక్కించుకున్న సాఫ్ట్‌వేర్‌ను తీసేయడానికి నేను వాడే షెల్ స్క్రిప్టు (టెర్మినల్ ఆదేశాల వరుస) ముప్పై వరుసలు కూడా ఉండదు. పాత ఆఫీసులో పక్క కుర్చీ మిత్రుడు రాసిచ్చాడు. పేరు కూడా పెట్టలేదు. ‘తీసెయ్’ అని నేనే పెట్టుకున్నాను. ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థ 22.04 వెర్షన్ రోజుల నుంచి నా దగ్గరే ఉంది. దానిలోని ఒక్క గుణం కోసం మిగతా లోపాలన్నీ భరిస్తున్నాను. ఏ ఫైలునైనా చెరిపేముందు, ఇది ఏ ప్యాకేజీది (వ్యవస్థ సిద్ధంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ మూట) అని, ఆ ప్యాకేజీల లెక్క రాసిపెట్టే డీపీకేజీ అనే ప్రోగ్రామును అడుగుతుంది. ఎవరిదీ కాదని జవాబు వస్తేనే చెరిపే జాబితాలో చేరుస్తుంది. ఎవరిదైనా అయితే ఆ ప్యాకేజీ పేరు చూపించి ఫైలును ముట్టుకోకుండా వదిలేస్తుంది.

సోర్సు నుంచి ప్రోగ్రాములు కట్టడానికి వాడే సీమేక్ అనే సాధనంతో పనిచేసినవారికి ఈ అవసరం ఎక్కడ పుడుతుందో చెప్పనక్కర్లేదు. అలాంటిదే మరో సాధనం ఆటోమేక్ వాడిన ప్రాజెక్టుల్లో ఎక్కించినదాన్ని తీసేసే ‘మేక్ అన్‌ఇన్‌స్టాల్’ ఆదేశం ఉంటుంది, మీసాన్ అనే ఇంకోదానిలో దాని తోడు ప్రోగ్రాము నింజా ఆ పని చేసిపెడుతుంది. సీమేక్ మాత్రం ప్రాజెక్టు రాసినవారు ప్రత్యేకంగా చేరిస్తే తప్ప అలాంటిదేమీ ఇవ్వదు. ఎక్కించిన ఫైళ్ల దారులన్నీ బిల్డ్ డైరెక్టరీలో (ప్రోగ్రామును కట్టిన ఫోల్డరులో) ‘ఇన్‌స్టాల్ మేనిఫెస్ట్’ అనే పాఠ్య ఫైల్లో రాసిపెట్టి చేతులు దులుపుకుంటుంది. ఆ జాబితాను ఎక్సార్గ్స్ అనే ఆదేశం ద్వారా, ఫైళ్లను చెరిపే ‘ఆర్‌ఎం’ ఆదేశానికి అందించే ఒక్క వరుస చిట్కా అందరికీ తెలుసు. చాలాసార్లు పనిచేస్తుంది కూడా. నా పేచీ అది నమ్ముకున్న విషయంతోనే: జాబితాలో ఉన్నదంతా మనం తెచ్చుకున్నదే అనుకుంటుంది.

నా పని పాత తెలుగు పుస్తకాల పేజీలను స్కాన్ చేసి పాఠ్యంగా మార్చుకోవడం. అందుకు వాడే టెసరాక్ట్ అనే ప్రోగ్రాము ఉబుంటు 22.04 భాండాగారంలో (ఉబుంటు సిద్ధంగా అందించే ప్యాకేజీల నిల్వలో) 4.1.1 దగ్గరే ఆగిపోయింది. అప్పటికే, అంటే 2021 నవంబరులోనే, 5.0 వచ్చేసింది. కాబట్టి టెసరాక్ట్‌ను, దానికి ఆధారమైన లెప్టోనికా లైబ్రరీని (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడును) సోర్సు నుంచి కట్టుకున్నాను. పేజీల వంకర సరిచేసేవి, అంచుల నలుపు తీసేసేవి ఇంకా కొన్ని చిన్న పరికరాలు కూడా అలాగే చేరాయి. తర్వాత ఉబుంటు 24.04కు మారినప్పుడు భాండాగారంలోనే 5.3.4 దొరికింది. కానీ టెర్మినల్‌లో వెర్షన్ అడిగితే నా పాతదే పలికింది. ఆదేశాన్ని వెతికే వరుసలో ‘యూఎస్‌ఆర్/లోకల్/బిన్’ దారి ‘యూఎస్‌ఆర్/బిన్’ కంటే ముందుంటుంది కదా, నేను కట్టుకున్నది కొత్తదానికి అడ్డం పడింది. లైబ్రరీలదీ అదే తంతు. పాతవి తీస్తే తప్ప కొత్తవాటి మొహం కనబడదు. అప్పటి నుంచి ఈ స్క్రిప్టుతో నా స్నేహం గట్టిపడింది.

నన్ను దానికి కట్టిపడేసిన సంగతి మాత్రం అంతకు ముందుదే. అంచులు శుభ్రంచేసే ఒక చిన్న పరికరం ఉండేది, పేరు చెప్పను. దానితో పాటు వచ్చిన బిల్డ్ స్క్రిప్టు, సీమేక్ మామూలుగా వాడే ‘యూఎస్‌ఆర్/లోకల్’ను కాదని సూటిగా ‘యూఎస్‌ఆర్’నే గమ్యంగా పెట్టుకుంది. అక్కడితో ఆగలేదు. డేటాను కుదించే జెడ్‌లిబ్ లైబ్రరీ పాత ప్రతిని కూడా తన సోర్సులోనే కలిపి తెచ్చుకుంది. ఉపప్రాజెక్టుగా చేర్చిన జెడ్‌లిబ్‌కు దాని సొంత ఇన్‌స్టాల్ నియమాలు ఉంటాయి, వాటిని ఎవరూ ఆపలేదు. నిర్వాహకుడి అధికారమిచ్చే సుడో వాడి ‘మేక్ ఇన్‌స్టాల్’ అనగానే అన్నీ వరుసగా వెళ్లి కూర్చున్నాయి.

ఆ పరికరం నాకు నచ్చలేదు. తెలుగు పేజీల్లో అంచుకు దగ్గరగా ఉన్న దీర్ఘాలను, వత్తులను మచ్చలనుకుని తుడిచేసేది. తీసేద్దామని ‘తీసెయ్’కి మేనిఫెస్టు అప్పగించాను. జాబితాను రెండు భాగాలుగా చూపించింది. చెరిపేవి చాలానే ఉన్నాయి. ‘చెరపను’ అన్న శీర్షిక కింద ఒక్కటే వరుస: ‘యూఎస్‌ఆర్/ఇన్‌క్లూడ్’లోని జెడ్‌లిబ్ హెడ్డరు (ఆ లైబ్రరీలో ఏమున్నదో కంపైలర్‌కు చెప్పే ఫైలు), యజమాని ‘జెడ్‌లిబ్1జీ-డెవ్’ ప్యాకేజీ.

ఆ ఒక్క వరుస ఎంత తలనొప్పి తప్పించిందో చెప్పాలి. ఒక్క వరుస చిట్కా వాడి ఉంటే, అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ ఇంటివారి ఫ్యాను కూడా విప్పుకుపోయినట్టు, ఆ హెడ్డరు మాయమయ్యేది. వెంటనే ఏమీ తెలిసేది కాదు. నడుస్తున్న ప్రోగ్రాములకు హెడ్డరుతో పనిలేదు. ఎప్పుడో లెప్టోనికాను మళ్లీ కట్టబోతే కంపైలర్ హెడ్డరు దొరకలేదని మొరాయించేది. సరే కదా అని ప్యాకేజీలు తెచ్చి ఎక్కించే ఏపీటీతో ఆ ప్యాకేజీ వేయమంటే, అది ఇప్పటికే ఉంది, కొత్తదే ఉంది అని చెప్పి ఊరుకునేది. ప్యాకేజీ నిర్వాహకుడి లెక్క దాని పుస్తకంలో ఉన్నదే, డిస్కులో ఏమైందో అది తనంతట చూసుకోదు. అప్పుడు ఎక్కడని వెతకాలి?

అదే పరికరం తెచ్చిన జెడ్‌లిబ్ లైబ్రరీ ఫైళ్ల విషయంలో స్క్రిప్టు ఏ సంకోచమూ చూపలేదు. ఉబుంటు తన లైబ్రరీని ‘ఎక్స్86_64-లినక్స్-జీఎన్‌యూ’ ఉపడైరెక్టరీలో పెడుతుంది. ఈ పరికరం తనదాన్ని సూటిగా ‘యూఎస్‌ఆర్/లిబ్’లో పడేసింది. ఆ దారి ఏ ప్యాకేజీ లెక్కలోనూ లేదు కాబట్టి చెరిపేసింది. పేరు ఒకటే అయినా దారిని బట్టి తేడా పట్టింది.

అయితే ముట్టుకోకుండా వదలడం ఒకటి, సరిచేయడం ఇంకొకటి. హెడ్డరు పేరు మిగిలింది గానీ, లోపల ఉన్నది పరికరం రాసి పోయిన పాత ప్రతి. స్క్రిప్టు ఆ మాట చెప్పలేదు. ‘డీపీకేజీ వెరిఫై’ నడిపి చూస్తే ఆ ఫైలు పక్కన 5 అంకె పడింది, అంటే ఎండీ5 (ఫైలు లోపలి సరుకు నుంచి లెక్కగట్టే గుర్తు) సరిపోలలేదని. ప్యాకేజీని ‘రీఇన్‌స్టాల్’ చేయించాక గానీ కుదుటపడలేదు. యజమాని పేరు చూపేచోటే ఈ పరీక్ష కూడా చేసి ‘లోపలి సరుకు మారింది’ అని ఒక మాట అంటే ఎంత బాగుండేది! మిత్రుడితో ఇదే చెప్పాను. చిన్నగా ఉంచాలనే ఆ పని చేయలేదన్నాడు.

ఇంతకంటే నిక్కచ్చిగా చెప్పాల్సిన లోపం ఇంకొకటి ఉంది, నేను మెచ్చుకున్న గుణంలోనే ఉంది. ఉబుంటు 22.04లో ‘బిన్’, ‘లిబ్’ డైరెక్టరీలు నిజానికి ‘యూఎస్‌ఆర్’ లోపలివాటికి వేసిన లింకులు మాత్రమే. కానీ అనేక ప్యాకేజీల ఫైళ్లు డీపీకేజీ లెక్కలో పాత దారితోనే ఉన్నాయి. అక్కడ బ్యాష్ అనే షెల్ ఫైలు ‘యూఎస్‌ఆర్/బిన్/బ్యాష్’ ఎవరిదని అడిగి చూడండి, అలాంటి దారే తెలియదంటుంది. ‘బిన్/బ్యాష్’ ఎవరిదంటే బ్యాష్‌దని వెంటనే చెబుతుంది. డిస్కు మీద రెండూ ఒకే ఫైలు! ఇక మన స్క్రిప్టు ‘యూఎస్‌ఆర్’తో మొదలయ్యే దారిని అడిగి, జవాబు రాకపోతే అనాథ ఫైలని తేల్చేస్తుంది. మరో ప్రోగ్రామును తీస్తున్నప్పుడు, ప్యాకేజీదని నాకు బాగా తెలిసిన ఒక యూడెవ్ (హార్డ్‌వేర్‌ను గుర్తించే వ్యవస్థ) నియమాల ఫైలు చెరిపే జాబితాలో కనబడింది. అవునా కాదా అని అడిగాకే చెరుపుతుంది కాబట్టి కాదనేసి బయటపడ్డాను. ఆ తర్వాత ‘యూఎస్‌ఆర్’ తీసేసిన దారితోనూ ఒకసారి అడిగేలా రెండు వరుసలు చేర్చుకున్నాను. మీకు ఇలాంటి స్క్రిప్టు ఎవరైనా ఇస్తే మొదట చూడవలసింది ఇదే.

ఇక సింబాలిక్ లింకుల, అంటే మరో ఫైలు దారిని చూపే ఫైళ్ల, తగాదా. ఒక లైబ్రరీకి పూర్తి వెర్షన్ ఉన్న అసలు ఫైలు, దాన్ని చూపే రెండు లింకులు ఉంటాయి. మేనిఫెస్టులో అసలు ఫైలు ముందు వస్తుంది. అది చెరిగిపోయాక లింకులు గాలిలో వేలాడతాయి. ఫైలు ఉందా అని షెల్‌లో మామూలు పరీక్షతో అడిగితే, వేలాడే లింకును లేదనే చెబుతుంది. స్క్రిప్టు ఆ మాట నమ్మి దాటేసేది. లింకు అవునా అని చూసే పరీక్ష పక్కన జోడిస్తే సరిపోయింది. సీమేక్ వారే నమూనాగా ఇచ్చే అన్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఈ జాగ్రత్త ఉంది, మావాడు అది చూసినట్టు లేదు.

వేగం గురించి ఆశ పెట్టుకోవద్దు. డీపీకేజీ అడిగిన ప్రతిసారీ ప్యాకేజీల జాబితాలన్నీ మళ్లీ చదువుతుంది. పదిపదిహేను ఫైళ్ల పరికరానికి తెలియదు గానీ, వందల హెడ్డర్లు దింపే లైబ్రరీకైతే టీ పెట్టుకుని రావచ్చు. ఖాళీ డైరెక్టరీలను అసలు తీయదు. చెరిపాక, వ్యవస్థ దగ్గరున్న లైబ్రరీల జాబితాను తాజా చేసే ‘ఎల్‌డీకాన్ఫిగ్’ కూడా మనమే నడపాలి. అదే టెర్మినల్‌లో పాత ఆదేశం కొడితే, చెరిగిపోయిన దారినే బ్యాష్ గుర్తుపెట్టుకుని ఫైలు లేదంటుంది, ఆ దారిని మరిపించడానికి ‘హ్యాష్ -ఆర్’ కొట్టాలి.

మేనిఫెస్టు లేకపోతే ఈ స్క్రిప్టు చేయగలిగింది ఏమీ లేదు. కొత్త వెర్షన్‌ను అదే బిల్డ్ డైరెక్టరీలో కట్టి ఎక్కిస్తే పాత జాబితా మీదే కొత్తది రాసేస్తుంది. పాత వెర్షన్‌లో మాత్రమే ఉన్న ఫైళ్లకు అప్పుడు దిక్కుండదు. అందుకే ఎక్కించిన వెంటనే మేనిఫెస్టును ప్రోగ్రాము పేరుతో, వెర్షన్‌తో వేరే చోట దాచుకుంటాను. అంత ఓపిక మొదటి నుంచీ ఉండే మనిషికి బహుశా స్టో అనే సాధనం మేలేమో: ప్రతి ప్రోగ్రామునూ దాని సొంత డైరెక్టరీలో పెట్టి లింకులు మాత్రం బయటికి ఇస్తుంది, తీసేయడం తేలిక. నాకు మాత్రం ప్రోగ్రాము నచ్చిందో లేదో తెలియకముందే అంత ఏర్పాటు చేయబుద్ధి కాదు. కంటెయినర్లలో (మిగతా యంత్రంతో కలవకుండా విడిగా నడిచే గదుల్లాంటి వాటిలో) కట్టుకునేవారికి ఈ గొడవలేవీ లేవు. స్కానరు పక్కనున్న నా పాత యంత్రంలో చోటూ తక్కువ, ఓపికా తక్కువ.

ఉబుంటుకు మూలమైన డెబియన్ కుటుంబానికి చెందిన యంత్రాల్లోనే నేను దీన్ని నడిపాను. ఫెడోరా అనే మరో లినక్స్ వాడే బంధువు ఒకాయన అడిగితే ఇచ్చాను. డీపీకేజీ ప్రశ్న స్థానంలో, అక్కడ ప్యాకేజీల లెక్క చూసే ఆర్‌పీఎం ప్రశ్న పెట్టుకుని వాడుతున్నానంటున్నాడు. అక్కడ ఎలా ప్రవర్తిస్తుందో నా కళ్లతో చూడలేదు కనుక ఆ సంగతి ఆయననే అడగాలి.