నెవాడా మైనింగ్ క్లెయిమ్ మ్యాపు: డిజిటల్ రికార్డా, క్షేత్ర కొలతా?

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) భూముల్లో ఖనిజాన్వేషణ కోసం క్లెయిమ్ (ఖనిజ హక్కు కోరుతూ హద్దులు గుర్తించిన స్థలం) మ్యాపు గీసేవారికి రెండు దారులున్నాయి. మొదటిది, ఆ భూములను నిర్వహించే ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ డిజిటల్ రికార్డులను కంప్యూటర్ మ్యాపు వ్యవస్థ అయిన జీఐఎస్‌లోకి తెచ్చుకోవడం. ఇందులో ఖర్చు తక్కువ, చుట్టుపక్కల క్లెయిములు ఎవరివో త్వరగా తెలుస్తుంది. అయితే ఆ రికార్డు సాధారణంగా క్లెయిము ఏ 160 ఎకరాల చదరంలో, అంటే ఏ క్వార్టర్ సెక్షన్‌లో ఉందో చెబుతుందే తప్ప అసలు హద్దును చూపదు. చట్టం ప్రకారం గరిష్ఠంగా 1,500 అడుగుల పొడవు, 600 అడుగుల వెడల్పు, అంటే సుమారు 20 ఎకరాలుండే లోడ్ క్లెయిము (రాతిలోని ఖనిజ సిరపై క్లెయిము) ఆ 160 ఎకరాల చదరంలో ఎక్కడైనా ఉండవచ్చు.

రెండోది, కౌంటీ కార్యాలయంలో దాఖలైన లొకేషన్ సర్టిఫికెట్లను (క్లెయిము ఎక్కడుందో తెలిపే పత్రాలను), వాటి పటాలను తెచ్చుకుని, నేల మీది హద్దు గుర్తులను జీపీఎస్‌తో కొలవడం. దీనికి ఖర్చూ శ్రమా ఎక్కువే. పాత గుర్తులు కొన్ని పడిపోయి ఉంటాయి. పాత పటం నాడ్27 అనే పాత అక్షాంశ రేఖాంశ ప్రమాణం ఆధారంగా గీసినదైతే దాని తర్వాతి ప్రమాణమైన నాడ్83కు మార్చుకోవాలి, లేకుంటే హద్దు పదుల మీటర్లు పక్కకు జరుగుతుంది. కానీ పొరుగు క్లెయిముల మధ్య మిగిలిన ఖాళీలు, ఒకదానిపై ఒకటి పడిన భాగాలు నమ్మకంగా బయటపడేది ఈ పద్ధతిలోనే.

ప్రాంతాన్ని ఎంచుకునే దశకు మొదటిది చాలు. డ్రిల్లింగ్ స్థానాలు నిర్ణయించే ముందు మాత్రం, కనీసం హద్దుకు దగ్గరగా ఉన్న క్లెయిములకైనా, రెండోది తప్పనిసరి అని నా అభిప్రాయం.