లేటెక్‌లో రెజ్యూమే: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

బీటెక్ చివరి ఏడాదిలో క్యాంపస్ నియామకాల కోసం మొదలుపెట్టి, ఆ తర్వాత ఉద్యోగం మారిన ప్రతిసారీ నా రెజ్యూమేను లేటెక్‌లోనే తయారు చేసుకుంటూ వచ్చాను. పుస్తకాల అచ్చుకూర్పు కోసం 1970ల చివర్లో డొనాల్డ్ క్నూత్ రూపొందించిన టెక్ అనే వ్యవస్థను ఆధారం చేసుకుని, 1980లలో లెస్లీ లాంపోర్ట్ దీనిని నిర్మించారు. పరిశోధన పత్రాలు రాసేవారికి ఇది బాగా అలవాటైన ఉచిత సాఫ్ట్‌వేర్. దీనిని మెచ్చుకునేవారు సాధారణంగా పేజీ అందం గురించి చెబుతారు. ఆ అందాన్ని గమనించిన ఇంటర్వ్యూ అధికారి నాకు ఇంతవరకూ ఎదురుపడలేదు కానీ, లేటెక్‌ను వదలకపోవడానికి నాకు వేరే కారణం ఉంది.

లేటెక్‌లో మనం రాసే సోర్సు ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలు; దాని నుంచే లేటెక్ పీడీఎఫ్‌ను తయారు చేస్తుంది. అందులో ఏ వరుస మొదట్లో శాతం గుర్తు పెడితే ఆ వరుస పీడీఎఫ్‌లోకి రాదు, అయినా ఫైలులో భద్రంగా ఉంటుంది. ఈ సదుపాయం వల్ల నేను చేసిన ప్రతి ప్రాజెక్టునూ, ప్రతి చిన్న పనినీ ఒకే పెద్ద ఫైలులో రాసి ఉంచుకుంటాను. ప్రకటన చూశాక ఆ ఉద్యోగానికి సంబంధించిన వరుసలకు మాత్రమే శాతం గుర్తు తీసేసి, మిగతావాటికి పెడతాను. డేటాబేస్ పనికి పంపే ప్రతిలో వెబ్‌సైట్ పనులు కనిపించవు, వెబ్‌సైట్ పనికి పంపే ప్రతిలో డేటాబేస్ వివరాలు రెండు వరుసలకు కుదించుకుపోతాయి. ఎన్ని మార్పులు చేసినా మార్జిన్లు, ఖాళీలు చెదరవు కనుక సమయమంతా మాటల మీదే పెట్టగలుగుతాను.

రాసే తీరు మీద కూడా దీని ప్రభావం ఉంది. ఒకే పనిని రెండు మూడు రకాలుగా రాసి ఒకదాని కింద ఒకటి పెట్టుకున్నప్పుడు ఏది బలహీనమో వెంటనే తెలిసిపోతుంది. ‘నెలవారీ నివేదికల బాధ్యత నిర్వహించాను’ అనే వరుస పక్కన ‘నివేదిక తయారీని ఆటోమేట్ చేసి, రోజంతా పట్టే పనిని గంటలోపుకు తగ్గించాను’ అనే వరుస ఉంటే, మొదటిదానిని పంపడానికి చేయి రాదు. మొదటిది పదవిని చెబుతుంది, రెండవది పనిని, దాని ఫలితాన్ని చెబుతుంది.

ఇక ఇబ్బందులు. శాతం గుర్తుకు లేటెక్‌లో ప్రత్యేకమైన అర్థం ఉండటం మన దేశపు రెజ్యూమేలకు పెద్ద చిక్కు, ఎందుకంటే పదో తరగతి, ఇంటర్, బీటెక్ మార్కులను తరచుగా శాతాల్లో రాస్తాం. 85 పక్కన శాతం గుర్తును నేరుగా పెడితే ఆ గుర్తుతో పాటు ఆ వరుసలో తర్వాత ఉన్నదంతా చాలాసార్లు ఏ హెచ్చరికా లేకుండానే మాయమవుతుంది; గుర్తుకు ముందు బ్యాక్‌స్లాష్ అనే వెనకకు వాలిన గీత పెట్టి రాయాలి. సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష పేరులోని హ్యాష్ గుర్తు, ‘ఆర్ అండ్ డీ’లోని యాండ్ గుర్తు, ఈమెయిల్‌లోని అండర్‌స్కోర్ కూడా ఇదే కోవలోవి. ఇవి కనీసం ఎర్రర్ చూపిస్తాయి, శాతం గుర్తు చాలాసార్లు అదీ చూపించదు. పంపే ముందు పీడీఎఫ్‌ను మొదటి అక్షరం నుంచి చివరి వరకు చదవడం ఇక్కడ తప్పనిసరి.

టెంప్లేట్ ఎంపికలో అందానికి లొంగకూడదు. పెద్ద కంపెనీలలో దరఖాస్తును మనిషి చూసేలోపే ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్ అందులోని టెక్స్ట్‌ను విడదీసి గళ్లలో నింపుతుంది. రెండు కాలమ్‌ల టెంప్లేట్లలో ఎడమ పక్క నైపుణ్యాలు, కుడి పక్క అనుభవం కలగలిసిపోయే ప్రమాదం ఉంది. ఫోన్ బొమ్మ, కవరు బొమ్మ వంటివి అర్థం లేని గుర్తులుగా మారవచ్చు. పీడీఎఫ్‌లోని టెక్స్ట్ అంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడటమే నా పరీక్ష. ‘ఆఫీస్’, ‘సర్టిఫికెట్’ వంటి ఇంగ్లిష్ మాటల్లో ఎఫ్, ఐ అక్షరాలు అతుక్కుని ఒకే గుర్తుగా మారే చోట కొన్ని పాత టెంప్లేట్లు తప్పు అక్షరాలను ఇస్తాయి. జేక్స్ రెజ్యూమే అనే ఒకే కాలమ్ టెంప్లేట్‌లో దీనిని సరిచేసే గ్లిఫ్‌టుయూనికోడ్ వరుస ముందే ఉంటుంది కనుక నేను దానిలోనే స్థిరపడ్డాను.

పేరు రాయడంలో తెలుగువారికి ఉన్న చిక్కును మాత్రం ఏ టెంప్లేటూ తీర్చదు. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాసే మన పద్ధతిలో పేరు పెడితే, మొదటి మాటను సొంత పేరుగా తీసుకునే సాఫ్ట్‌వేర్ ఇంటిపేరుతో పలకరించే మెయిల్ పంపుతుంది. రెజ్యూమేలో సొంత పేరు ముందు పెట్టి, కంపెనీ ఫారంలో మాత్రం పాస్‌పోర్టులో ఉన్న విభజననే పాటిస్తున్నాను. తండ్రి పేరు, పుట్టిన తేదీ, వైవాహిక స్థితి, చివర్లో ‘పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను’ అనే వాక్యం జేక్స్ టెంప్లేట్‌లో లేవు; ప్రైవేటు ఉద్యోగాలకు వాటిని తీసేసినందువల్ల నాకు ఏ నష్టమూ కలగలేదు. అమెరికాలో ఉద్యోగం వెతికే విద్యార్థులకైతే ఫొటో, వయసు లేని ఒక్క పేజీయే ఆనవాయితీ.

మధ్యవర్తి కన్సల్టెన్సీల దగ్గర ఈ ఏర్పాటంతా ఆగిపోతుంది. అభ్యర్థి ఫోన్ నంబరు తీసేసి తమ లోగో పెట్టుకోవడానికి వారు తరచుగా వర్డ్ ఫైలునే అడుగుతారు. లేటెక్ నుంచి వర్డ్‌కు మార్చే పాన్‌డాక్ వంటి ఉచిత సాధనాలు ఉన్నా, రెజ్యూమే టెంప్లేట్లలోని సొంత ఆదేశాలను అవి సరిగా అందుకోలేవు. అందువల్ల హంగులు లేని ఒక వర్డ్ ప్రతిని విడిగా ఉంచుకుని, పెద్ద ఫైలులో ఏదైనా కొత్త పని చేర్చినప్పుడల్లా దానిలోనూ చేతితో చేరుస్తున్నాను. దరఖాస్తులన్నీ కన్సల్టెన్సీల ద్వారానే వెళ్లేవారు లేటెక్ జోలికి రాకుండా నేరుగా వర్డ్‌లోనే రాసుకోవడం మేలు.