జీటీ86కి వెడల్పు చక్రాలు: నాలుగేళ్లు, 42 వేల కిలోమీటర్ల తర్వాత

టయోటా జీటీ86 కంపెనీ నుంచి వచ్చేది 215/45 ఆర్17 మిషెలిన్ ప్రైమసీ టైర్లతో (వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం, రిమ్ము 17 అంగుళాలు). స్పోర్ట్స్ కారుకి, ఇంధనం ఆదా చేసే హైబ్రిడ్ కారు ప్రియస్ టైర్లు తొడిగారని వాటి మీద బోలెడు జోకులున్నాయి. నిజానికి అదేం పిసినారితనం కాదు. 2012లో ఈ కారు వచ్చినప్పుడు చీఫ్ ఇంజినీరు తెత్సుయా టాడా కావాలనే పట్టు తక్కువున్న టైర్లు ఎంచుకున్నాడు. ఉన్నది 200 హార్స్‌పవరే కదా, దాంతోనే తక్కువ వేగంలో కూడా కారు వెనక భాగం కాస్త ఆడాలని. ఈ సంగతి నాకు మార్చకముందే తెలుసు. తెలిసీ మార్చాను. వెనక నుంచి చూస్తే సూటు వేసుకుని హవాయి చెప్పులు తొడుక్కున్నట్టు ఉండేది మరి.

17×7, ఆఫ్‌సెట్ 48 రిమ్ములు తీసేసి 17×9, ఆఫ్‌సెట్ 45 వేయించాను. 17 రిమ్ము వ్యాసం, రెండో అంకె వెడల్పు, రెండూ అంగుళాల్లో. ఆఫ్‌సెట్ అంటే రిమ్ము వెడల్పు నడిమి గీత నుంచి కారుకు బిగించే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో, అది తగ్గితే చక్రం బయటికొస్తుంది. టైరు 245/40 ఆర్17. చక్రం ఎత్తు లెక్కేస్తే పాతది 625 మిల్లీమీటర్లు, కొత్తది 628. అర శాతం కూడా తేడా లేదు కాబట్టి స్పీడోమీటరుతో పేచీ లేదు. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. నేనూ అంతే చేయబోయాను. అసలు తంటా అంతా అడ్డం లెక్కలో ఉంది. రిమ్ము రెండంగుళాలు పెరిగింది, ఆఫ్‌సెట్ మూడు మిల్లీమీటర్లు తగ్గింది. అంటే పాతదానికంటే లోపలికి 22 మిల్లీమీటర్లు, బయటికి 28. బయటి 28 చూడ్డానికి బాగుంటుంది, ఫెండరు అంచుతో సమానంగా వచ్చి నిలబడుతుంది. లోపలి 22 మాత్రం నేరుగా ముందు స్ట్రట్ (చక్రం లోపలివైపు నిలువుగా ఉండే సస్పెన్షన్ స్తంభం) మీదికి పోతుంది. బిగించాక స్ట్రట్‌కీ టైరుకీ మధ్య నా చిటికెన వేలు ఇరుక్కుంటూ దూరింది.

ఇక్కడ ఒక తప్పు చేయబోయి ఆగాను. ముందు చక్రాలకు నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగి ఉండటం) కావాలంటే చవగ్గా అయ్యే పని క్యాంబర్ బోల్టులు వేయడం. కానీ ఆ బోల్టు స్ట్రట్‌ను కదపదు, చక్రం పైభాగాన్ని స్ట్రట్ వైపు వంచుతుంది. చిటికెన వేలంత సందు కూడా పోతుందన్నమాట. పైన మౌంటు దగ్గర క్యాంబర్ ప్లేట్లు వేస్తే స్ట్రట్ మొత్తం వంగుతుంది, సందు అలాగే ఉంటుంది. ప్లేట్లే వేయించి ముందు మైనస్ 1.5 డిగ్రీలు పెట్టించాను. ఖర్చు ఎక్కువైంది కానీ ఈ మొత్తం వ్యవహారంలో నేను చింతించని ఖర్చు అదొక్కటే.

మొదటి వారం స్టీరింగ్ 95 దగ్గర మొదలుపెట్టి 110 దాకా సన్నగా వణికేది. బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించాను. బిగించినాయన రోడ్డు బాగాలేదన్నాడు. ఇంటికొచ్చి చక్రం ఊడదీసి చూస్తే విషయం బోధపడింది. రిమ్ము మధ్య కన్నం 73.1 మిల్లీమీటర్లు, కారు హబ్ (రిమ్ము కూర్చునే మధ్య భాగం) 56.1. రకరకాల కార్లకు సరిపోవాలని ఇలాంటి రిమ్ములకు కన్నం పెద్దదిగా పెడతారు, మధ్యలో హబ్ రింగు వేసుకోవాలి. అది లేకపోతే చక్రాన్ని నట్లే మధ్యకు తేవాలి, బిగింపులో వెంట్రుకవాసి తేడా వచ్చినా వణుకే. నాలుగు ప్లాస్టిక్ రింగులు తొడిగి, నట్లను అడ్డంగా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, చివర టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకు తెచ్చాను. వణుకు అక్కడితో సరి. రింగుల విలువ చక్రం మీదున్న స్టిక్కరంత కూడా ఉండదు.

ఇక నడక. మలుపుల్లో మొదటిరోజు నవ్వాగలేదు. ఇదివరకు ముందు చక్రాలు మెల్లగా బయటికి జారుతున్నాయనిపించే చోట ఇప్పుడు కారు గీత గీసినట్టు పోయింది. వెడల్పు టైరు రోడ్డును ఎక్కువ తాకుతుందంటారు, అది సగమే నిజం. బరువూ గాలీ అవే అయితే తాకే చోటు విస్తీర్ణం పెద్దగా పెరగదు. ముద్ర ఆకారం మారుతుంది, పొడవు తగ్గి అడ్డంగా సాగుతుంది. మలుపులో ఆ ఆకారమే పనికొస్తుంది. తిన్నగా పోయేటప్పుడు అదే ఎదురు తిరుగుతుంది. రోడ్డు మీద లారీలు తొక్కి చేసిన గాడి కనిపిస్తే చాలు, స్టీరింగ్ అటు లాగుతుంది. పొడవాటి ప్రయాణం తర్వాత మణికట్లు తెలిసేవి.

వాన సంగతి వేరే చెప్పాలి. కొత్తలో బాగానే ఉంది. మూడో ఏడు, టైరు గాళ్ల లోతు మూడు మిల్లీమీటర్లకు దిగాక ఒకరోజు నీళ్లు నిలిచిన చోట 80లో పోతుంటే స్టీరింగ్ ఒక్కసారి దూదిపింజలా తేలికైంది, ఇంజిన్ చప్పుడు పైకి లేచింది. ఒక్క క్షణమే. టైరు అలా నీళ్ల మీద తేలుతుందని చదివి తెలుసు గానీ, కాళ్ల కింద రోడ్డు లేకపోవడం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. అప్పట్నుంచి వానలో 60 దాటలేదు.

చిన్నచిన్న సతాయింపులు ఇంకా ఉన్నాయి. చక్రం బయటికొచ్చింది కాబట్టి బురదంతా తలుపుల మీదికే. లీటరుకు 12.5 వచ్చేది 11.7కి దిగింది. చప్పుడైతే, మా ఆవిడ చాన్నాళ్లు "మీ వైపు అద్దం పూర్తిగా ఎక్కించారా?" అని అడుగుతూనే ఉంది.

గాలి విషయంలో తలుపు మీద రాసిన 35 పీఎస్ఐనే పాటించి తప్పు చేశాను. ఆరు వేల కిలోమీటర్లకే నడుమ అరగడం మొదలైంది. సుద్దముక్కతో టైరు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు నాలుగు గీతలు గీసి, తిన్నగా కొంత దూరం నడిపి చూశాను. నడుమ సుద్ద పోయింది, అంచుల్లో తెల్లగా అలాగే ఉంది. 215కి లోడ్ ఇండెక్స్ 87, ఈ 245కి 91. అంటే ఒక్కో టైరు 545 కిలోలకు బదులు 615 మోస్తుంది, కాబట్టి అదే బరువుకు అంత గాలి అక్కర్లేదు. 32కి దించాక గీతలు అడ్డంగా సమానంగా చెరిగాయి.

ఇంతవరకూ అయితే, మొత్తమ్మీద బాగుందని రాసేవాణ్ణే. నా మనసు మార్చింది మొన్నటి సంగతి. 245లు అరిగిపోయాయి, కొత్తవి రావడానికి ఐదు వారాలన్నారు. ఈలోపు మూలనున్న పాత 17×7 రిమ్ములకు అదే 215 సైజులో మంచి స్పోర్ట్ టైర్లు వేసుకుని తిరిగాను. రెండో రోజు అదే మలుపులో, ఎప్పుడూ పోయే వేగంలోనే పోయాను. కారు జారలేదు. నాలుగేళ్లుగా వెడల్పు ఇచ్చిందనుకుంటున్న పట్టులో ముప్పాతిక వంతు రబ్బరు ఇచ్చిందే! పైగా స్టీరింగ్ మళ్లీ మాట్లాడుతోంది. చక్రం జారబోయే ముందు చేతికి చిన్న సడలింపు తెలుస్తుంది, పాదం కాస్త తీస్తే సర్దుకుంటుంది. 245లతో ఆ కబురు రావాలంటే మామూలు రోడ్డు మీద పోకూడనంత వేగంలో పోవాలి, వచ్చినా హఠాత్తుగా వచ్చేది. 200 హార్స్‌పవర్ కారుకి అది గోటితో పోయేదానికి గొడ్డలి.

ట్రాక్‌కి పోయేవాళ్లకు ఈ మాట వర్తించదు. వరసగా ఐదారు ల్యాపులు తిప్పితే సన్న టైరు వేడెక్కి పట్టు వదిలేస్తుంది, వెడల్పుది నిలబడుతుంది. ఆ తేడా నేను స్వయంగా చూశాను.

రావాల్సిన 245లు వచ్చాయి. వాటిని 17×9లకు ఎక్కించి షెడ్డులో పేర్చాను, ట్రాక్ రోజుల కోసం. రోజువారీకి 17×8 రిమ్ములు వెతుకుతున్నాను, 225/45 వేద్దామని. ఈసారి అమ్మేవాణ్ణి అడిగిన మొదటి ప్రశ్న ఆఫ్‌సెట్ గురించి, రెండోది మధ్య కన్నం ఎంత అని.